సెల్ఫ్ ఎత్తుకోని ట్రాక్టర్: లోపం ఒకచోట, ఖర్చు మరోచోట

ట్రాక్టర్ మొరాయించేది పనున్న రోజే. కరిగెటకు నీళ్లు పెట్టిన మడి రేపటిదాకా ఆగదు. నాటు కూలీలు పక్క ఊరికి మాట ఇచ్చి ఉంటారు. పత్తి లోడుతో మార్కెట్ యార్డుకు పోవాల్సిన బండి తెల్లవారుజామున తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటుంది. అప్పుడు వచ్చిన మెకానిక్ చెప్పే మాట మామూలుగా రెండింటిలో ఒకటి: బ్యాటరీ పోయింది, లేదంటే సెల్ఫ్ పోయింది. రెండూ వేల రూపాయల మాటలే. వాదించే తీరిక రైతుకు ఉండదు కాబట్టి డబ్బు పెట్టి బండి కదిలించుకుంటాడు. కొన్నాళ్లకు అదే లోపం మళ్లీ వచ్చినప్పుడు గానీ తెలియదు, తీసి పారేసిన వస్తువు మంచిదేనని.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ట్రాక్టర్ కరెంటు లోపాలు ఎక్కడ పుడుతున్నాయి, వాటిని మనవాళ్లు ఏయే తీర్లలో వెతుకుతున్నారు, అందులో ఏది ఎంతవరకు నమ్మదగింది అన్నదే ఈ సమీక్ష. తేల్చి చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. చాలాసార్లు చెడిపోయేది వస్తువు కాదు, ఒక వస్తువును ఇంకో వస్తువుతో కలిపే చోటు. కొలవకుండా మార్చడమే మన దగ్గర అసలు నష్టం.

ఏ బండ్లు, ఏ పనులు

2016 అక్టోబర్ 11న పాత జిల్లాలు విడిపోయి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల ఒకవైపు, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ మరోవైపు అయ్యాయి. గోదావరికి దక్షిణాన ఎక్కువగా వరి, మక్క, పసుపు, మామిడి. ఉత్తరాన నల్లరేగడి, పత్తి, సోయా. వరి పొలాల్లో 40, 50 హార్స్‌పవర్ బండ్లు నడుస్తాయి. మామిడి తోటల్లో, పత్తి సాళ్ల మధ్య మినీ ట్రాక్టర్లు తిరుగుతాయి. యువరాజ్ 215, స్వరాజ్ 717, జీవో, కుబోటా లాంటి 15 నుంచి 24 హార్స్‌పవర్ బండ్లు ఇవి. అమెరికా పెరళ్లలో గడ్డి కోసే తోట ట్రాక్టర్లు చాలావరకు పెట్రోలుతో నడిస్తే, మన చిన్న బండి డీజిల్‌ది. ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి, దాని సంగతి ముందు ముందు వస్తుంది.

వీటికి తోడు ఊరి పేరు మీద ఇంకో బండి ఉంది. 2019 సెప్టెంబర్‌లో మొదలైన 30 రోజుల ప్రణాళిక, ఆ తర్వాతి పల్లె ప్రగతి కింద రాష్ట్రంలోని 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకర్ వచ్చాయి. పొద్దున చెత్త ఎత్తుతుంది, తర్వాత నర్సరీకి, పల్లె ప్రకృతి వనానికి, రోడ్డు పక్క హరితహారం మొక్కలకు నీళ్లు మోస్తుంది. నిజానికి మన తోట ట్రాక్టర్ ఇదే. కరెంటు పరంగా అన్నిటికన్నా కష్టమైన బతుకు కూడా దీనిదే.

చిన్నదైనా పెద్దదైనా లోపలి అమరిక ఒక్కటే. 12 వోల్టుల బ్యాటరీ, దాని నెగెటివ్ ఇంజిన్ బాడీకి ఎర్త్, పాజిటివ్ నుంచి లావు కేబుల్ సెల్ఫ్‌కు, తాళం దగ్గరి నుంచి సన్న తీగ సెల్ఫ్ మీది సొలినాయిడ్ అనే స్విచ్‌కు, నడిచేటప్పుడు బ్యాటరీని నింపడానికి ఆల్టర్నేటర్. మనవాళ్లు దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు.

కాలాన్ని బట్టి లోపం

ఇక్కడి ఎండలు, చలి, బురద మూడూ బండి కరెంటు మీదే పడతాయి. రామగుండం, ఆదిలాబాద్, జగిత్యాల వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. వేడికి సెల్లుల్లో నీళ్లు తగ్గుతాయి, ప్లేట్లు లోలోపల తుప్పుపడతాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో ఉన్న లెక్క. అయితే ఎండాకాలంలో తగిలిన దెబ్బ ఎండాకాలంలో బయటపడదు. డిసెంబర్, జనవరిలో ఆదిలాబాద్ వైపు చలి 5 డిగ్రీలకు దిగినప్పుడు బ్యాటరీ బలం పాతిక శాతానికి పైగా తగ్గుతుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మీద భారం పెరుగుతుంది. అప్పుడు బ్యాటరీ చేతులెత్తేస్తుంది. చలికి పోయిందని అందరూ అనుకుంటారు. పోయింది ఎండకు, తెలిసింది చలికి.

బురద సంగతి వేరు. కాలువల నీళ్లు పెరిగాక కరీంనగర్ వైపు వానకాలం, యాసంగి రెండు కార్లూ వరే. అంటే బండి ఏడాదికి రెండుసార్లు కేజ్ వీల్స్ వేసుకుని బురదలోకి దిగుతుంది. ఎగిరిపడ్డ బురదనీళ్లు సెల్ఫ్ బుష్‌లలోకి, ఆల్టర్నేటర్ జాలీలోకి, వైర్ల జాయింట్లలోకి పోతాయి. తర్వాత ప్రెషర్ పంపుతో కడిగేటప్పుడు నీటిధార నేరుగా వాటి మీదే కొడితే మిగిలిన పని అది పూర్తిచేస్తుంది. పని లేని నెలల్లో గడ్డివాము పక్కన నిలబెట్టిన బండిలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వాడని బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది. దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ పూర్తిగా చార్జి ఎక్కదు.

పంచాయతీ ట్రాక్టర్‌ది ఇంకో తీరు. నాలుగిళ్లకోసారి ఆపుతారు, మళ్లీ సెల్ఫ్ కొడతారు. ఒక్కో స్టార్టుకు వందల ఆంపియర్లు ఇచ్చిన బ్యాటరీకి, ఊళ్లో నింపాదిగా తిరిగే ఆ కాస్త దూరంలో అంతా తిరిగి రాదు. రోజూ కొంత లోటు. నెలల్లో ఆ లోటు పేరుకుని బ్యాటరీ ఎప్పుడూ సగం మీదే ఉంటుంది. పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరిలో తీరాక డీజిల్‌కు పైసలు లేక బండ్లు ఆగిపోయిన వార్తలు జిల్లా పేజీల్లో చాలానే వచ్చాయి. అలా నిలిచిన బండికి ముందుగా చచ్చేది బ్యాటరీ. వారానికోసారి గంటసేపు బండిని గట్టిగా నడిపించడం, పని లేనప్పుడు నెగెటివ్ టెర్మినల్ విప్పి పెట్టడం దీనికి మందు. మొదటిదానికి కాస్త డీజిల్ పడుతుంది, రెండోదానికి ఖర్చే లేదు.

లోపం పట్టే నాలుగు తీర్లు

మొదటిది చెవి. అనుభవం ఉన్న మెకానిక్ శబ్దాన్ని బట్టి సగం చెప్పేస్తాడు, అది నమ్మదగ్గ విద్యే. తాళం తిప్పితే ఏ చప్పుడూ లేకపోతే తాళం, ఫ్యూజు, సన్న తీగ, లేదా సేఫ్టీ స్విచ్. కొత్త బండ్లు చాలావాటిలో క్లచ్ తొక్కితే గానీ, పీటీఓ ఆపితే గానీ సెల్ఫ్ తిరగదు. ఒక్క టక్ వినిపించి ఆగితే సొలినాయిడ్ పనిచేస్తోంది, అసలు కరెంటు చాలడం లేదు. టకటకటక అని కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు, లేదా టెర్మినల్ వదులై ఉండవచ్చు. సెల్ఫ్ గిర్రున తిరిగి ఇంజిన్ కదలకపోతే సెల్ఫ్ పళ్లను ఇంజిన్‌కు కలిపే బెండిక్స్ చూడాలి. చెవి ఇంతవరకు చెబుతుంది. బ్యాటరీయా, కేబులా, ఎర్తా అన్న చోటికి వచ్చేసరికి మూడింటి చప్పుడూ ఒక్కటే. వేల రూపాయల పొరపాటు సరిగ్గా అక్కడే జరుగుతుంది.

రెండోది స్క్రూడ్రైవర్. సెల్ఫ్ మీది రెండు బోల్టులను కలిపి నిప్పురవ్వ చూడటం, అలాగే బండి స్టార్ట్ చేయడం మన దగ్గర అలవాటైపోయింది. దీన్ని సమర్థించడానికి ఒక్క కారణమూ లేదు. ఇలా కలిపినప్పుడు తాళం, క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్ అన్నీ పక్కకు పోతాయి. బండి గేరులో ఉంటే స్టార్ట్ అయిన క్షణమే ముందుకు దూకుతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి నిలబడేది ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ. తప్పుకునే వ్యవధి ఉండదు. ప్రపంచమంతటా ట్రాక్టర్ కింద పడి చనిపోయినవారిలో ఇలా స్టార్ట్ చేస్తూ పోయినవారు ఉన్నారు. తాళం చెడిపోయిందని నెలల తరబడి ఇలాగే నడిపించే బండి ఇంట్లో ఉంటే ఈ రోజే తాళం మార్పించండి. ఇంటి పిల్లలకు ఈ విద్య అసలే చూపించవద్దు.

మూడోది టెస్ట్ బల్బు. ఒక తీగ బాడీకి పెట్టి, ఇంకోటి చూడాలనుకున్న చోట ఆనిస్తే బల్బు వెలుగుతుందా లేదా తెలుస్తుంది. ఫ్యూజులు, దీపాలు, హారన్, ఇండికేటర్ల వంటి చిన్న కరెంటు పనులకు దీనికి మించింది లేదు. చవక, బురద చేతులతో వాడవచ్చు. రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే తాళం తీసేసి, నెగెటివ్ టెర్మినల్ విప్పి, విప్పిన తీగకూ బ్యాటరీ మొనకూ మధ్య ఈ బల్బు పెట్టాలి. పాత తరహా బండిలో అది వెలగకూడదు. వెలిగితే ఎక్కడో కరెంటు కారుతోంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏది తీసినప్పుడు బల్బు ఆరుతుందో లోపం ఆ వరుసలోనే. తర్వాత పెట్టించుకున్న పాటల డబ్బాలు, ఎల్ఈడీ లైట్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి.

నాలుగోది మల్టీమీటర్. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అయినా చాలా షెడ్లలో ఉండదు, ఉన్నచోట బ్యాటరీ వోల్టేజీ చూసి పక్కన పెట్టేస్తారు. దాని అసలు విలువ ఇంకో కొలతలో ఉంది.

దీపాలు వెలుగుతాయి, సెల్ఫ్ తిరగదు

"లైట్లు ధగధగ వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ, వైరింగు మంచివే, సెల్ఫే పోయింది." ఈ మాట ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. నమ్మేలా ఉంటుంది గానీ తప్పు. లెక్క చూడండి. ఒక హెడ్‌లైట్ తీసుకునేది సుమారు 5 ఆంపియర్లు. సెల్ఫ్ తీసుకునేది 200, ఆ పైన. టెర్మినల్ దగ్గరో, బాడీ ఎర్త్ బోల్టు దగ్గరో తుప్పు పట్టి, ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఏర్పడిందనుకుందాం. లైటు కరెంటుకు ఆ అడ్డు దగ్గర పోయేది 0.05 వోల్టు. కంటికి తేడా కనపడదు. సెల్ఫ్ కరెంటుకు అదే అడ్డు దగ్గర పోయేది 2 వోల్టులు. ఇక సెల్ఫ్ తిరిగేది ఎలా? శ్రీరాంసాగర్ కాలువ తూము దగ్గర నిండుగా పారుతూ చివరి ఆయకట్టుకు చుక్క చేరకపోతే జలాశయంలో నీళ్లు లేవని అనం కదా, నడుమ దారి చూస్తాం. ఇక్కడా చూడాల్సింది దారినే.

దారి చూసే కొలత ఇది. ముందు బ్యాటరీ. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉంది, 12.2 అయితే సగం, 12 కన్నా తక్కువైతే దాదాపు ఖాళీ. చార్జి చేయకుండా ముందుకు పోవద్దు. తర్వాత బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ అందుకోకుండా స్టాప్ రాడ్ లాగి పట్టుకుని, సీటులో కూర్చున్న మనిషి సెల్ఫ్ కొట్టాలి. ఆ కొద్ది సెకన్లలో బ్యాటరీ వోల్టేజీ 9.6 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. పడిపోకుండా నిలబడి, సెల్ఫ్ మాత్రం బరువుగా తిరిగితే దారి మీదికి రావాలి. మీటరు ఎర్ర తీగ బ్యాటరీ పాజిటివ్ సీసపు మొన మీద, నల్ల తీగ సెల్ఫ్ లావు బోల్టు మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టుకు మించి చూపితే పాజిటివ్ దారిలో అడ్డు ఉంది. అదే తీరున ఎర్ర తీగ సెల్ఫ్ బాడీ మీద, నల్లది బ్యాటరీ నెగెటివ్ మొన మీద పెడితే ఎర్త్ దారి తేలుతుంది. రెండు దారులూ బాగుండి, బ్యాటరీ నిలబడి, సొలినాయిడ్ సన్న తీగకు 10 వోల్టులకు పైగా అందుతూ కూడా సెల్ఫ్ తిరగకపోతే, అప్పుడు సెల్ఫ్ విప్పాలి. అప్పుడైనా కార్బన్లు, బుష్‌లు మారిస్తే సరిపోయేవే ఎక్కువ, మొత్తం సెల్ఫ్ మార్చాల్సినవి తక్కువ.

ఎర్త్ దారిలో అడ్డు తేలిందంటే బ్యాటరీ నెగెటివ్ తీగ ఛాసిస్‌కు ఎక్కడ బిగించారో వెతికి ఆ బోల్టు విప్పి చూడండి. పైకి గట్టిగానే కనిపిస్తుంది. విప్పితే కింద కంపెనీ రంగు పొర, దాని మీద ఎండిన రేగడి, వాషర్ అంచున గోధుమరంగు తుప్పు. తీగ చివర రాగి పోగులు నల్లబడి, వాటి నడుమ తెల్లని, ఆకుపచ్చని పొడి. రాగి తళుక్కున మెరిసేదాకా, ఇనుము తెల్లబడేదాకా గీకి, నక్షత్రపు వాషర్ వేసి బిగించి, పైన గ్రీజు లేదా వాజిలిన్ పూయాలి. వేడినీళ్లలో సోడా ఉప్పు కలిపి బ్యాటరీ టెర్మినళ్లు కడగాలి, ఆ నీళ్లు సెల్లులోకి పడకూడదు. పావు గంట పని. కొత్త సెల్ఫ్ వేసినా నయం కాని బండి ఎన్నోసార్లు దీనితో నయమవుతుంది.

చార్జింగ్: పాత పరీక్ష, కొత్త నష్టం

నడుస్తున్న ఇంజిన్ మీద బ్యాటరీ టెర్మినల్ తీసేసి, ఇంజిన్ ఆగకపోతే డైనమో మంచిదని చెప్పే పద్ధతి ఇంకా ఉంది. ఇది పెట్రోలు బండ్ల కాలం నుంచి వచ్చింది. అక్కడ ప్లగ్గులో నిప్పురవ్వకు కరెంటు కావాలి. డీజిల్ ట్రాక్టర్‌లో మామూలు పంపు ఉన్న ఇంజిన్‌కు నడవడానికి కరెంటే అక్కర్లేదు. డైనమో చచ్చి ఉన్నా అది నడుస్తూనే ఉంటుంది. అంటే ఆ పరీక్ష ఏమీ చెప్పదు. పైగా భారం ఒక్కసారిగా తెగేసరికి వోల్టేజీ ఎగిసి ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోవచ్చు. మంచిదాన్ని చెడగొట్టే పరీక్ష ఇది.

సరైన పరీక్ష సులువు. ఇంజిన్ ఒక మాదిరి వేగంతో నడుస్తుండగా బ్యాటరీ మొనల మీద మీటరు పెడితే 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపాలి. 13కు లోపే ఉంటే ముందు బెల్టు వదులుందేమో చూడండి, తర్వాత వైర్లు, ఆ తర్వాతే ఆల్టర్నేటర్. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఇంకొకటి గమనించాలి. చాలా బండ్లలో మీటర్ బోర్డు మీది ఎర్ర చార్జింగ్ బల్బు గుండానే ఆల్టర్నేటర్‌కు మొదటి కరెంటు అందుతుంది. తాళం తిప్పినప్పుడు ఆ బల్బు వెలగకపోతే, ఆ చిన్న బల్బే మాడిపోయి చార్జింగ్ ఆగి ఉండవచ్చు.

బ్యాటరీలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. బోరు నీళ్లలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి. యాసిడ్ పోస్తే బలం వస్తుందన్నది భ్రమ. సెల్లుల నుంచి వచ్చే హైడ్రోజన్ రవ్వ తగిలితే పేలుతుంది. అందుకే పక్క బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు ముందు పాజిటివ్‌లు కలిపి, చివరి నెగెటివ్ తీగను దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఆ బండి ఇంజిన్ ఇనుముకు పెట్టాలి.

ట్రాలీ దీపాలు ప్రాణాల లెక్క

రైతు తన బండి లోపాల్లో అన్నిటికన్నా చివరన పెట్టేది ట్రాలీ వెనక దీపాలను. ముందు పెట్టాల్సింది వాటినే. పత్తి కొనుగోళ్ల కాలంలో ఆదిలాబాద్, జమ్మికుంట యార్డులకు, వడ్ల కాలంలో మిల్లులకు, చీకట్లోనే ట్రాలీలు రోడ్డెక్కుతాయి. రాజీవ్ రహదారి మీద, 44వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా వచ్చే లారీకి, బైకుకు ఎర్ర దీపం లేని ట్రాలీ ఆఖరి క్షణందాకా కనపడదు. వెనక ఎర్ర దీపాలు, రిఫ్లెక్టర్లు మోటారు వాహన నియమాల ప్రకారం తప్పనిసరి.

ఇక్కడా లోపం చాలావరకు ఎర్త్‌దే. చాలా ట్రాలీలకు వేరే ఎర్త్ తీగ ఉండదు, కొక్కెం పిన్ను గుండానే కరెంటు వెనక్కి పోవాలి. గ్రీజు, తుప్పు, కుదుపుల మధ్య ఆ దారి తెగుతూ కలుస్తూ ఉంటుంది. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మినుకుమంటోందంటే కారణం అదే. ట్రాక్టర్ నుంచి ట్రాలీకి విడిగా ఒక ఎర్త్ తీగ లాగి, సాకెట్ పిన్నులు గీకి, పైన మూత ఉండేలా చూస్తే ఈ బాధ పోతుంది. ఫ్యూజు చోట రాగి తీగ చుట్టడం మాత్రం చేయవద్దు. పత్తి, గడ్డి మోసే బండిలో అది నిప్పును వెంటేసుకుని తిరగడమే.

కొత్త బండ్ల ప్రశ్న

50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త పొగ నియమాలు వచ్చాయి. వాటితో ఇంధనాన్ని కంప్యూటర్ అదుపుచేసే సీఆర్‌డీఐ ఇంజిన్లు, సెన్సర్లు, ఆ కంప్యూటరైన ఈసీయూ వచ్చాయి. వీటికి కరెంటు లేకపోతే ఇంజిన్ నడవదు. వోల్టేజీ కాస్త పడిపోయినా ఈసీయూ తప్పుడు లోపం చూపించవచ్చు. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ విప్పకపోతే అది కాలిపోవచ్చు. లోపం చదివే స్కానర్ చాలాచోట్ల కంపెనీ డీలర్ దగ్గరే ఉంటుంది. ఊరి మెకానిక్ చేతిలోంచి పని జారిపోతున్నది ఇక్కడే.

ఇది మన ఒక్కరి గొడవ కాదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు సమాచారాన్ని, పరికరాలను రైతులకు ఇవ్వాలని 2023లో చట్టం చేసి, 2024 జనవరి నుంచి అమల్లో పెట్టింది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చి, వ్యవసాయ పరికరాలను కూడా ఆ పరిధిలో చేర్చింది. కానీ దానికి చట్టం బలం లేదు. వైరింగ్ పటం తెలుగులో ప్రతి కొత్త బండితో ఇవ్వాలని అడగడం అత్యాశ కాదు. జహీరాబాద్‌లో 2013 నుంచి ట్రాక్టర్లు తయారవుతున్న రాష్ట్రం మనది.

చేయాల్సింది

ఈ విద్య నేర్పడానికి చోట్లు లేక కాదు. ఐటీఐల్లో ట్రాక్టర్ మెకానిక్ కోర్సు ఉంది. జగిత్యాల పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం, జమ్మికుంట, ఆదిలాబాద్‌లలో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. విత్తనం మీద, పురుగు మీద జరిగినట్టే, నాట్లకు ముందు ఒక్క పూట దారి కొలత మీద శిక్షణ పెడితే చాలు. పంచాయతీ ట్రాక్టర్ నడిపే మల్టీపర్పస్ వర్కర్‌ను అందులో మొదట కూర్చోబెట్టాలి. ప్రతి పంచాయతీలో ఒక మీటరు, ఒక టెస్ట్ బల్బు, బ్యాటరీ కొన్న తేదీ, నెలకోసారి తీసిన రీడింగు రాసే ఒక పుస్తకం ఉండాలి. ఒక్క కొత్త బ్యాటరీ ఖర్చులో ఇవన్నీ వచ్చి ఇంకా పైసలు మిగులుతాయి.

మెకానిక్‌ను అనుమానించమని నేను అనడం లేదు. ఎండలో, బురదలో, అర్ధరాత్రి వచ్చి బండి లేపేది ఆయనే. కొలత ఉంటే ఆయనకూ మంచిదే, తప్పు వస్తువు మార్చిన మాట పడదు. రైతు చేయాల్సింది ఒక్కటే. కొత్త సెల్ఫ్‌కు, కొత్త బ్యాటరీకి డబ్బు తీసే ముందు, "తమ్మీ, పాజిటివ్ దారి ఎంత చూపింది, ఎర్త్ దారి ఎంత చూపింది, బ్యాటరీ ఎంత దాకా దిగింది, ఆ మూడు రీడింగులు చూపించు" అని అడగాలి. మూడూ చూసి సెల్ఫే పోయిందని తేలితే సంతోషంగా మార్పించుకోవచ్చు, ఆ డబ్బు వృథా కాదు. తేలకపోతే ఆ డబ్బు యాసంగి ఎరువులకు మిగులుతుంది.